అర అంగుళం బిట్టు

ఆత్మకూరులో సురేంద్రబాబు కొయ్యపని షెడ్డు మొదలుపెట్టిన నాటి నుంచీ వడ్రంగి కామయ్యే పెద్ద మేస్త్రీ. తొంభై ఆరులో సురేంద్రబాబు మద్రాసు నుంచి రూటర్ మిషన్ తెచ్చాడు. ఉలితో గంట పట్టే బెజ్జాన్ని అది చిటికెలో తొలిచేసేది; దానికి బిగించే బిట్టు, అంటే తొలిచే మొన, ఎంత లావుంటే బెజ్జం అంత. ఆ ఏడే ఉదయగిరి దగ్గర చర్చి బడికి ముప్పై బెంచీలు చేసే పని వచ్చింది. కాళ్ళకు బెజ్జాలు, అడ్డకర్రల చివర వాటిలో దూరి బిగుసుకునే నాలుకలు.

"ముందు బిట్టు రానీ అబ్బాయా. దాంతో ఒక బెజ్జం తొలిచి, ఆ కొలతకి నాలుకలు కోస్తాను" అన్నాడు కామయ్య.

సురేంద్రబాబుకు తొందర. పన్నెండు మిల్లీమీటర్ల బిట్టు తెప్పిస్తున్నానని చెప్పి నాలుకలన్నీ ఆ కొలతకే కోయించాడు. తీరా వచ్చింది అర అంగుళం బిట్టు, దాదాపు ముప్పావు మిల్లీమీటరు లావెక్కువ. చూపుకు తేడా తెలియదు గానీ, బిగించిన మొదటి బెంచీ పాలపన్నులా ఊగింది.

"వదులుగా ఉండాది" అన్నాడు కామయ్య.

"జిగురులో రంపప్పొట్టు కలిపి కూరు. వార్నీషు కొడితే ఎవురికి తెలస్తాది?"

కామయ్య పళ్ళు కొరుకుతూ ముప్పై బెంచీలకూ కూరాడు.

నెల తిరక్కుండానే హెడ్‌మిస్ట్రెస్ లిదియమ్మ షెడ్డుకు వచ్చింది. ఒక బెంచీ విరిగి, షైనీ అనే మూడో తరగతి పిల్ల వేలు నలిగిందట.

"ఏం చెప్పమంటారు టీచరమ్మా. మా కామయ్యకి చూపు ఆనడం లేదు, కొలత తప్పినాడు" అన్నాడు సురేంద్రబాబు.

కామయ్య ఒళ్ళు మండిపోయింది. మూలన మిగిలిపోయిన బెంచీ కాలూ, అడ్డకర్రా తెచ్చి ఆమె ముందు పడేశాడు. బెజ్జంలో బిట్టు దూర్చాడు. సరిగ్గా పట్టింది. దాన్ని తీసి అడ్డకర్ర నాలుక పెట్టి, బెంచీ కాలును పైకెత్తాడు. కర్ర జారి సురేంద్రబాబు చెప్పుల మీద పడింది.

"చూపు ఆనంది నాకా? ఈ బిట్టు తెచ్చిందెవురు? పొట్టు కూరమన్నది ఎవురు? చెప్పు!"

లిదియమ్మ కామయ్య వైపు తిరిగింది.

"నీకు తెలుసు గదా. తెలిసీ ఎట్టా పంపించినావు?"

అప్పటిదాకా యజమాని మీదున్న కామయ్య కోపం ఒక్కసారిగా తన మీదికే మళ్ళింది. మిషన్ గోతంలో చుట్టి ఉదయగిరి బస్సెక్కాడు.

బడి వరండాలో తొమ్మిది రోజులు పని చేశాడు. పాత నాలుకలన్నీ కోసేశాడు. అడ్డకర్రల చివర్లలో కూడా అదే బిట్టుతో బెజ్జాలు తొలిచి, రెండు బెజ్జాల్లోనూ బిగువుగా దూరేలా తుమ్మచెక్క బిళ్ళలు చిత్రిక పట్టి, సుత్తితో కొట్టి బిగించాడు. కట్టుతో ఉన్న షైనీ వేలు కంటబడినప్పుడల్లా దెబ్బ ఇంకాస్త గట్టిగా పడేది.

ఐదో రోజు సురేంద్రబాబు వచ్చాడు.

"కోపం పోయిందా కామయ్యా? షెడ్డులో పని ఆగిపోయి ఉండాది."

"పోలా. ఈడ అయినాక వస్తాను. ఇంగ షెడ్డులో నేను కొలిచిందే కొలత. కాదంటే ఈ మిషన్ నువ్వే నడుపుకో" అని తలెత్తకుండానే ఇంకో బిళ్ళ అందుకున్నాడు.

సురేంద్రబాబు చొక్కా చేతులు మడిచి, బెంచీ రెండో కొస పట్టుకున్నాడు.