అయిదంకెల మీటరు

"దీన్నిక పారెయ్యడమే. కొత్తది ఆన్‌లైన్‌లో దొరుకుతోంది," అంటూ హరనాథ్ పాత బండి డాష్‌బోర్డ్‌లోంచి ఊడదీసిన మీటర్ల పెట్టెను తెచ్చి, హైమ గోంగూర ఒలుస్తున్న బల్ల మీదే పెట్టాడు. దాని నిండా ఏళ్ళనాటి దుమ్ము, జిడ్డు. పెట్టిన చోట తుడవడం ఆయన జాతకంలో లేదు. హైమ గోంగూర పక్కకు జరిపి, బల్ల తుడిచి, పెట్టెను దగ్గరికి లాక్కుంది. స్పీడు ముల్లు వంగిపోయింది. పెట్రోలు ఎంతుందో చూపే గ్యాస్ మీటరు ముల్లు విరిగి అద్దం వెనక పడి ఉంది. ఎవరు విరగ్గొట్టారని అడగలేదు. ఇన్నేళ్ళ కాపురంలో కొన్ని ప్రశ్నలు అడగనక్కర్లేదు.

డెబ్భై రెండు నాటి ఆకుపచ్చ స్టేషన్ వ్యాగన్ అది. అమెరికాలో ఈ ఫ్రీమాంట్ వచ్చిన కొత్తలో, ఎనభై నాలుగులో, ఒక ముసలి టీచరమ్మ దగ్గర కొన్నారు. ఆవిడ చర్చికి తప్ప బయటికి తియ్యలేదేమో, అప్పటికి తొమ్మిది వేల మైళ్ళే తిరిగింది. ఇరవై రెండేళ్ళు ఇంటిల్లిపాదికీ చాకిరీ చేసి, ఆ తర్వాత గరాజ్‌లో దుప్పటి కప్పుకుని పడుకుంది. హరనాథ్ రిటైరయ్యాక దాన్ని తలకెత్తుకున్నాడు. రంగు వేయించాడు, సీట్లు కుట్టించాడు. ఆదివారం పార్కులో పాత కార్ల షో ఉంది, దానికి తీసుకెళ్ళాలి. బండికి యాభై దాటితే క్లాసిక్ అంటారు. అదే ఆడదానికి యాభై దాటితే మోకాళ్ళ నొప్పులంటారు.

"నేను చూస్తాను," అంది హైమ.

"నువ్వా?" అని నవ్వాడు హరనాథ్. నవ్వుతూనే, ఏదో గుర్తొచ్చినవాడిలా ఆగి, "సరే, నీ ఇష్టం," అని వెళ్ళిపోయాడు.

గుర్తుండకేం. మిల్పీటస్‌లో ఒక ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళు భూతద్దం కింద సర్క్యూట్ బోర్డులకి సోల్డరింగ్ చేసింది హైమ. మధ్యాహ్నం మూడింటి నుంచి పదకొండింటి దాకా షిఫ్టు. ఆయన ఉద్యోగం పోయి పదకొండు నెలలు ఇంట్లో కూర్చున్నప్పుడు ఇల్లు నడిచింది ఆ షిఫ్టు మీదే. అయినా తలా ఒక వంట తెచ్చుకునే తెలుగువాళ్ళ పాట్‌లక్‌లలో ఎవరైనా అడిగితే, "హైమ హోమ్ మేకర్ అండీ," అనేవాడు. ఇంజనీరు భార్య అసెంబ్లీ లైన్‌లో కూర్చుంటుందని చెప్పడానికి ఆయనకి నామోషీ. అత్తగారు శేషమ్మగారయితే, "ఏవో తీగముక్కలు అతికిస్తుందిట," అని ఇండియాకి ఫోన్లో చెప్పేది. పక్కన నిలబడి దోసెలు పోస్తూ హైమ ఆ మాట వినేది. అప్పుడు ఉక్రోషం వచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ వెలుతురూ, ఆ సోల్డర్ పొగ వాసనా, పక్క కుర్చీలో వియత్నాం నుంచి వచ్చిన లాన్ పెట్టే అల్లం మిఠాయీ గుర్తొస్తాయి. అక్కడ ఆమెను అందరూ పేరు పెట్టి పిలిచేవారు. ఆమె చేసిన బోర్డు రిపేరుకి తిరిగి రాదని సూపర్‌వైజర్ పదిమందిలో చెప్పేది.

మర్నాడు పొద్దున్నే కిటికీ దగ్గర బల్ల వేసుకుంది. పెట్టె వెనక కరెంటు పారే రాగి గీత ఒకచోట చిట్లింది. దాని మీద సన్నటి తీగ పరిచి సోల్డర్ చేసింది. వంగిన ముల్లు సరిచేసింది, విరిగిన ముల్లు అతికించింది. చిన్న బ్యాటరీ తగిలిస్తే ఇంజన్ వేడి చూపే మీటరు ముల్లు బద్ధకంగా లేచి నిలబడింది. ఈ ముల్లే ఒక ఎండాకాలం, కూతురు నిధిని సమ్మర్ క్యాంపులో దింపడానికి కొండెక్కుతుంటే, ఎర్రగీత దాటింది. బానెట్ ఎత్తి, చెంగుతో రేడియేటర్ మూత తిప్పి, పిల్ల తాగే నీళ్ళు పోసింది. ఇంటికొచ్చి చెప్తే, "మెల్లగా నడపాలి," అన్నాడు హరనాథ్. గ్యాస్ మీటరుదింకో కథ. పావు ట్యాంకు కంటే కిందికి దిగేది కాదు. ఎంత మిగిలిందో మైళ్ళని బట్టి లెక్కేసుకునేది హైమ. హరనాథ్ ఎప్పుడో నెలకోసారి బండి తీసేవాడు, రోడ్డు మధ్యలో ఆగిపోయి ఫోన్ చేసేవాడు. ఆయన ఆఫీసుకి బార్ట్ రైల్లో వెళ్ళేవాడు మరి. స్టేషన్ దాకా దింపేదీ, సాయంత్రం తీసుకొచ్చేదీ హైమే. షిఫ్టు ఉన్న రోజుల్లో భోజనం బ్రేక్‌లో పరుగున వచ్చి మరీ.

గురువారం రామమోహన్ వచ్చాడు. షోకి పాత బండి తీసుకెళ్ళేవాళ్ళలో ఆయనా ఒకడు. నోట్లో నువ్వుగింజ నానదు. బిగించిన మీటర్లు చూసి, "బాస్, ఓడోమీటర్ పన్నెండు వేల ఆరువందల నలభై చూపిస్తోంది. అంటే మీరసలు బండిని ముట్టుకోనేలేదన్నమాట. మ్యూజియం పీస్ కదా ఇది," అన్నాడు. హరనాథ్ మెల్లగా నవ్వి ఊరుకున్నాడు. కాఫీ ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ హైమ ఆ నవ్వు చూసింది. ఆ పాత మీటర్లలో అయిదంకెలే ఉంటాయి. లక్ష కాగానే మళ్ళీ సున్నా నుంచి మొదలు. ఈ బండి రెండుసార్లు అలా తిరిగొచ్చిందని ఆయనకి తెలియదా. తెలుసు. చెప్పలేదు.

రామమోహన్ వెళ్ళాక, "హైమా, ఎలాగూ విప్పడం వచ్చుగా, ఆ అంకెల చక్రాలు సున్నా చేసెయ్. రెస్టోర్ చేశామంటే సున్నా ఉంటే బావుంటుంది. మనమేం అమ్ముకోం కదా," అన్నాడు. ముద్దుగానే అడిగాడు.

హైమ పెట్టెను మళ్ళీ ఊడదీసి, బల్ల మీద పెట్టుకుని, చక్రాలున్న కడ్డీ బయటికి లాగింది. వేలితో తోస్తే చాలు. అయిదు తోపులు.

మొదటి లక్ష అయింది తొంభై నాలుగులో, మిషన్ బులెవార్డ్ మీద. వెనక సీట్లో ఎనిమిదేళ్ళ నిధి, దాని ఒళ్ళో వయొలిన్. బండి పక్కకి ఆపి ఇద్దరూ అంకెలన్నీ ఒక్కసారిగా దొర్లడం చూశారు. నిధి చప్పట్లు కొట్టింది. సాయంత్రం హరనాథ్‌కి చెప్తే, "లక్షా? ఆయిల్ మార్చాలి, గుర్తు చెయ్యి," అన్నాడు. రెండో లక్ష శేషమ్మగారిని డయాలిసిస్ నుంచి తీసుకొస్తున్నప్పుడు. బండి ఆపితే ఆవిడ కళ్ళు తెరిచి, "ఎందుకాపావే?" అంది. "రెండు లక్షలయింది అత్తయ్యా," అంది హైమ. ఆవిడ చాలాసేపు ఆ సున్నాలకేసి చూసింది. తీగముక్కలని ఎగతాళి చేసిన ఆ మనిషే, హైమ నడుం మీద చెయ్యి వేసి, "ఇక్కడ నొప్పెడుతుందిటే?" అని అడిగింది. ఆ ఇంట్లో ఆ మాట అడిగింది ఆవిడొక్కతే. హైమ స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆవిడ వీపు నిమిరింది.

ఇప్పుడు సున్నా చెయ్యమంటున్నాడు. హైమకి ఒళ్ళు మండింది. కోపం తగ్గాక వెతుక్కుంది. ఆ రెండు లక్షల మైళ్ళలో తన కోసం తిరిగినవి ఎన్ని? స్కూలు, స్టేషను, హాస్పిటలు, ఎయిర్‌పోర్టు, కూరగాయలు, షిఫ్టు. ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు. నలభై నిమిషాల దూరంలో సముద్రం ఉంది. అక్కడికి కూడా ఎవరో చుట్టాలు వస్తేనే వెళ్ళింది.

కడ్డీ అలాగే లోపలికి తోసి, పెట్టె బిగించింది.

శనివారం పొద్దున హరనాథ్ గరాజ్‌లోకి వచ్చేసరికి హైమ డ్రైవర్ సీట్లో ఉంది. ఇంజన్ నడుస్తోంది. ముళ్ళన్నీ వాటి చోట్లలో నిలబడ్డాయి. ఆయన మొహం వెలిగిపోయింది. "అబ్బ, ఎంత బాగా చేశావ్ హైమా," అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగా అన్నాడని ఆమెకి తెలుసు. తర్వాత వంగి అంకెలు చూశాడు. "సున్నా చెయ్యలేదే?"

"చెయ్యను. షోలో బండి ముందు పెట్టే బోర్డు మీద రెండు లక్షల పన్నెండు వేలని రాయండి."

"అంత తిరిగిందంటే ఏం గొప్ప? రామమోహన్‌కి ఏం చెప్పను?"

"హైమ తిప్పిందని చెప్పండి."

హరనాథ్ చెయ్యి చాపాడు. "సరే, జరుగు. ఒక రౌండ్ వేసొద్దాం."

హైమ జరగలేదు. గేరు వేసింది.

"ఎక్కడికి?" అన్నాడు. ఇన్నేళ్ళూ ఆ ప్రశ్నకి ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది, ఎవరో ఒకరి పేరుతో. ఇవాళ లేదు.

"ఏమో," అంది. "మధ్యాహ్నానికి గోంగూర పప్పు ఫ్రిజ్‌లో ఉంది. వేడి చేసుకోండి."

వీధి మలుపు తిరిగి, మిషన్ బులెవార్డ్ మీద మొదటి లైటు దాటింది. మీటరులో ఆఖరి చక్రం మెల్లగా తిరిగి, సున్నా పోయి ఒకటి వచ్చింది. రెండు లక్షల మైళ్ళు నడిపాక, హైమ తన కోసం నడిపిన మొదటి మైలు అది.