ఛాతీ ముప్పై ఎనిమిది, క్లారినెట్ వచ్చి ఉండాలి

ప్రోగ్రాం ఉన్న రోజున జోగులు లేవగానే చేసే మొదటి పని పళ్లు చూసుకోవడం. పెరట్లో అద్దం ముందు నిలబడి, పైవరసలో ముందు పళ్లు రెండింటినీ బొటనవేలితో అటూ ఇటూ కదిపి, నిన్నటికంటే ఎక్కువ కదులుతున్నాయో లేదో చూసుకుంటాడు. ఆ తర్వాతే టీ. టీ అయ్యాక క్లారినెట్టు రీడు తడిపి పెట్టుకుని, ఎర్ర కోటుకి ఇస్త్రీ చేయించుకుని, అబీద్ సెంటర్లో ఆగి ఉండే బ్యాండు వ్యాను ఎక్కుతాడు.

వ్యానులో ముందు సీటు మాత్రం ఆయనది కాదు. అది మత్స్యలింగం కోటుది.

మత్స్యలింగం పోయి మూడేళ్లయింది. నర్సీపట్నంలో పెళ్లంటే ఆయన బ్యాండు, బ్యాండంటే ఆయన క్లారినెట్టు. పెద్దకర్మ అయిన మర్నాడు మాకవరపాలెంలో ఒక పెళ్లి ఒప్పుకుని ఉన్నారు. అంతా బయలుదేరుతుంటే ఆయన ఎర్ర కోటు చిలక్కొయ్య మీంచి దిగి, గుండీలు పెట్టుకుని, క్లారినెట్టు పెట్టె చంకన పెట్టుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది. డ్రైవరు తలుపు వేసి బండి తీశాడు. అప్పట్నుంచి ప్రతి ప్రోగ్రాంకీ వస్తోంది. పైన తల లేదు, చేతుల చివర వేళ్లు లేవు. నోరుండాల్సిన చోట క్లారినెట్టు ఆగుతుంది, పాట వస్తుంది. దండ వేస్తే నిలబడదు గనక పెళ్లివారు జేబుకి గులాబీ గుచ్చుతారు. బ్యాండు మాట్లాడుకోడానికి ఫోన్ చేసేవాళ్లు మొదట అడిగేది ఒకటే: "కోటు వస్తాది కదండీ?"

చచ్చినవాడి కోసం ఏడవడం లోకంలో ఉన్నదే. చచ్చినవాడి మీద ఏడవడం మాత్రం జోగులుకే చెల్లింది. పద్దెనిమిదేళ్లు మత్స్యలింగానికి ఎడమవైపు నిలబడి రెండో క్లారినెట్టు వాయించాడు. ఈ మనిషి ఎప్పటికైనా తప్పుకోకపోతాడా అని కనిపెట్టుకుని ఉన్నాడు. పాపం, నోరు తెరిచి ఎప్పుడూ అనలేదు లెండి. తీరా ఆయన పోయి, జోగులు బ్యాండు మాస్టరయ్యాక కూడా, కుడివైపు చోటు ఖాళీ అవలేదు. ఓసారి పంతానికి పోయి, కోటు కంటే ముందే తనే పాట ఎత్తుకున్నాడు. కోటు మర్యాదగా ఆగింది. జోగులు ఊపిరి పీల్చుకునే సందులో పాట లాగేసుకుంది. జనం ఈలలు వేశారు.

ఇదిలా ఉండగా పళ్లు కదలడం మొదలైంది. పై పళ్లు గట్టిగా ఆనించందే క్లారినెట్టు పలకదు. పళ్ల డాక్టరు చూసి, "ఇంకో రెండు నెలలు లాగితే ఎక్కువ, మాస్టారూ" అన్నాడు. జోగులు బయటికొచ్చి మెట్ల మీద చతికిలబడ్డాడు. జీవితంలో ఒక్క పెళ్లికైనా మొదటి క్లారినెట్టు వాయించకుండానే నోరు బోసిపోతుందా? అంత అన్యాయమా?

కోటుని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. బ్యాండువాళ్లు వెళ్లేసరికి అది వ్యానులో కూర్చుని ఉంది. సరే, తనే తొడుక్కుంటే అనుకుని, ఎవరూ చూడకుండా చేతులు దూర్చాడు. మత్స్యలింగం బక్కపల్చటి మనిషి, ఈయనది నిండు బొజ్జ. రెండో గుండీ తెగి వచ్చి ముక్కు మీద కొట్టింది.

ఇక మిగిలింది ఒక్కటే దారి. బ్యాండులో ఓ పద్ధతి ఉంది. మనిషి వెళ్లిపోతే అతని కోటు కొత్తగా వచ్చినవాడికి ఇస్తారు. కొత్తవాడు ఎంత మొనగాడైనా మొదటి ఏడాది ఎడమవైపే నిలబడాలి, రెండోదే వాయించాలి. అంటే మత్స్యలింగం కోటు సరిగ్గా పట్టే మనిషి ఒకడు దొరికితే, కోటు వాడితోపాటు ఎడమవైపుకి వచ్చేస్తుంది. ఆ ఆలోచన వచ్చినప్పుడు జోగులు తనలో తనే నవ్వుకున్నాడు.

ఆయన భార్య అప్పలలక్ష్మి ఫోన్లో చీరలు అమ్ముతుంది. ఆన్‌లైన్ వ్యవహారమంతా ఆవిడకి కొట్టిన పిండి. టేపు పెట్టి కోటు కొలిచి, జోగులు చెప్పింది చెప్పినట్టు ఫేస్‌బుక్‌లోనూ, ఉన్న నలభై వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టింది: 'మనిషి కావలెను. ఎత్తు ఐదడుగుల నాలుగు. ఛాతీ ముప్పై ఎనిమిది. క్లారినెట్ వచ్చి ఉండాలి. యూనిఫాం మేమే ఇస్తాం. నర్సీపట్నం.'

సాయంత్రానికి ఫోను మోగిపోయింది. ఇరవై మంది 'హాయ్' అని పెట్టి ఊరుకున్నారు. ఒకడు 'లాస్ట్ ఎంతకిస్తారు' అన్నాడు. ఇంకొకడు ఇంటి దగ్గర్నుంచే చెయ్యొచ్చా అని అడిగాడు. యలమంచిలి నుంచి ఒకాయన ఫోన్ చేసి, "నేను పెన్‌డ్రైవ్‌లో పాట పెట్టీసి చేతులు ఆడిస్తానండి, ఎవుడికీ తెల్దు" అని భరోసా ఇచ్చాడు. మరొకాయన బేగి వచ్చేస్తున్నానని చెప్పి, 'ఆన్ ద వే' అని ఆరు రోజులు వరసగా మెసేజ్ పెట్టాడు. ఏ దారిలో వస్తున్నాడో దేవుడికే తెలియాలి.

ఏడో రోజు తెల్లారేసరికి వాకిట్లో పదకొండు మంది కుర్రాళ్లు నిక్కర్లతో నిలబడి ఉన్నారు. చేతుల్లో సర్టిఫికెట్లు.

"ఏటి బాబూ?" అన్నాడు జోగులు.

"కొలతలు సూసుకోండి సార్. రన్నింగు ఎక్కడ?" అన్నాడు ముందున్నవాడు.

ఛాతీ, ఎత్తు, యూనిఫాం చూసి వాళ్లు కానిస్టేబుల్ ఉద్యోగం అనుకున్నారు. చివర్న ఉన్న క్లారినెట్ సంగతి ఎవరూ చదవలేదు. అప్పలలక్ష్మి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. జోగులుకి మాత్రం ఆశ చావలేదు. అందులో కొలత సరిపోయినవాణ్ణి ఒకణ్ణి లాగి కోటు తొడిగించాడు. కోటు రెండు క్షణాలు ఆగి, భుజాలు ఎగరేసి వాణ్ణి కింద దులిపేసింది. వాయించడం రానివాడు దానికి పనికిరాడు. కుర్రాడు లేచి మట్టి దులుపుకుని, "ఫెయిలా సార్?" అని అడిగాడు.

"మరో నెల ఇలాగే పోద్ది. నా పళ్లు ఊడిపోతాయి. ఆయన నెత్తి లేకుండా కూడా నా నెత్తినెక్కి కూర్చుంటాడు!" అని జోగులు ఆ రాత్రి కంచం ముందు కూర్చుని అరిచాడు.

"ఆ గుడ్డముక్క మీద నీకు అంత కుళ్లేటి?" అంది అప్పలలక్ష్మి.

"అది గుడ్డముక్క అయితే నేనేటవుతాను మరి?" అన్నాడు. ఆవిడ చారు వేసింది.

శుక్రవారం మధ్యాహ్నం రావికమతం నుంచి మణి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. బట్టలు కుట్టుకుని బతుకుతోంది. తండ్రి అక్కడి బ్యాండులో క్లారినెట్టు వాయించేవాడట, ఆయన పోయేముందు కూతురికి నేర్పాడట. పెట్టె పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చుంది.

"మగోళ్లు కావాలి గదమ్మా," అన్నాడు జోగులు.

"ఎత్తు రాసినారు, ఛాతీ రాసినారు. మగోళ్లని రాయలేదు గదండీ," అంది మణి.

జోగులు భార్య వైపు చూశాడు. "నువ్వు సెప్పిందే రాసాను," అంది ఆవిడ.

మణి పెట్టె తీసి మోహన రాగం ఎత్తుకుంది. జోగులుకి కన్నుకుట్టింది. అంత తేటగా, అంత తీరిగ్గా వాయిస్తోంది. ఒకడు పోయాడనుకుంటే ఇంకొకత్తె! పొమ్మనేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ కొత్తమనిషి ఎడమవైపే నిలబడాలి కదా, అనుకుని మింగుకున్నాడు. కోటు తెచ్చి ఇచ్చాడు. మణి చీర మీదే తొడుక్కుంది. కోటు తనంతట తానే మిగిలిన గుండీలన్నీ పెట్టుకుంది, ఒకసారి పొడుగ్గా ఊపిరి వదిలింది, అంతే. ఆ తర్వాత అది ఉత్త కోటే.

మర్నాడు జోగులు పళ్లు కూడా చూసుకోకుండా బజారుకెళ్లి లడ్డూలు తెచ్చి ఇంటింటికీ పంచాడు.

ఆదివారం బలిఘట్టంలో పెళ్లి. పొద్దున తొమ్మిదింటికి పెళ్లికొడుకుని విడిది నుంచి తీసుకురావాలి. జోగులు ముందు సీట్లో కూర్చుని వెళ్లాడు. కుడివైపు నిలబడ్డాడు. పద్దెనిమిదీ మూడూ ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత మొదటి క్లారినెట్టు తన నోట్లో ఉంది. పాట ఎత్తుకున్నాడు. మేడల మీంచి ఆడవాళ్లు తొంగి చూశారు. పెళ్లికొడుకు మేనమామ కారు దిగి నడవడం మొదలుపెట్టాడు. జోగులుకి సంతోషంతో కళ్లు చెమర్చాయి. పల్లవి అయింది. పైస్థాయి అందుకోడానికి పళ్లు గట్టిగా ఆనించాడు.

లోపల ఏదో టక్కుమంది. నోరంతా ఉప్పగా అయింది.

పాట ఆగలేదు. ఎడమవైపు నుంచి మణి అందుకుంది. ఎక్కడ తెగిందో అక్కడే, వెంట్రుకవాసి తేడా లేకుండా. జోగులు క్లారినెట్టు నోట్లోంచి తియ్యలేదు. పళ్లు రెండూ నాలుక కింద పెట్టుకుని, ఊరికే వేళ్లు ఆడిస్తూ విడిది నుంచి పందిరి దాకా నడిచాడు. చప్పుడు మణిది, ఆట ఆయనది. యలమంచిలి పెన్‌డ్రైవ్ ఆయన గుర్తొచ్చి, జోగులు సిగ్గుతో చితికిపోయాడు.

పందిరి దగ్గర మేనమామ వచ్చి భుజం తట్టాడు. "మాస్టారూ, ఇరగదీసినారండీ! మత్స్యలింగం గారు కూడా మీ ముందు దిగదుడుపే."

ఆ మాట కోసమే కదా ఇరవై ఒక్క ఏళ్లు కాచుకున్నాడు. ఇప్పుడు నోరు తెరిచి థాంక్సండీ అనడానికి కూడా లేదు. మణి పక్కనే ఉంది, విన్నది, ఏమీ అనలేదు. అనకపోవడం ఆయనకి మరీ మంట పుట్టించింది.

పళ్ల డాక్టరు చిగుళ్లకి మందు రాశాడు. "కట్టుడు పళ్లు పెడితే వాయించొచ్చా బాబూ?" అని జోగులు అడిగితే, "అరటిపండు తినొచ్చు," అన్నాడు.

పది రోజులు జోగులు ఇల్లు కదల్లేదు. పదకొండో రోజు రావికమతంలో పెళ్లి. మణి సొంతూరు. "సొంతూళ్లో, నా సోట్లో నిలబడి ఫస్టు వాయించుకుంటాది. అందరూ సూత్తారు, ముచ్చటపడతారు. నేను రాను," అని గోడకేసి తిరిగి పడుకున్నాడు.

తెల్లారి ఆరింటికి మణి వాకిట్లోకి వచ్చింది. "మాస్టారూ, బేగి రండి, బండి వచ్చీసింది."

"నాకు ఒంట్లో బాలేదు. ఎల్లండి మీరే."

"మీ కోటు వచ్చీసిందండీ," అంది మణి.

జోగులు లేచి కూర్చున్నాడు. గోడకి తన కోటు లేదు. బయటికి వచ్చి చూస్తే, వ్యాను ముందు సీట్లో నిండు బొజ్జతో ఆయన ఎర్ర కోటు ఠీవిగా కూర్చుని ఉంది. ఒళ్లో ఆయన క్లారినెట్టు పెట్టె. డ్రైవరు అద్దం తుడుచుకుంటున్నాడు.

"నేను బతికే ఉన్నాను గదే!" అన్నాడు జోగులు భార్యతో.

"నువ్వు రానంటే అదేటి సేస్తాది మరి, ఒప్పుకున్న పెళ్లి గదా," అంది అప్పలలక్ష్మి. ఉతికిన చొక్కా చేతిలో పెట్టి, "ఎల్లు, ఎనక సీట్లో సోటుంది," అంది.

రావికమతం వీధిలో బ్యాండు వరస కట్టింది. ఎడమవైపు మణి. కుడివైపు జోగులు కోటు. జోగులు మామూలు చొక్కాతో పెళ్లివారిలో కలిసి వెనక నడిచాడు. కోటు పాట ఎత్తుకుంది.

జోగులు ఆగిపోయాడు. తన వాయింపు ఆయన ఎప్పుడూ బయట్నుంచి వినలేదు. పక్కన ఎప్పుడూ ఇంకొకడు గట్టిగా వాయిస్తూ ఉండేవాడు, ఈయన చెవంతా వాడి మీదే. ఇది మత్స్యలింగం పాట కాదు. పైస్థాయికి వెళ్లే ముందు చిన్నగా సందేహించి, తర్వాత ఆ సందేహాన్నే గమకం చేసుకుని ఎక్కేస్తోంది. ఆ గమకం ఇన్నేళ్లూ ఆయన ఇంట్లో తలుపులేసుకుని వాయించిందే, వీధిలో ఎప్పుడూ ధైర్యం చెయ్యలేదు. వీధి వీధంతా నిలబడిపోయింది. పక్కన నడుస్తున్న ముసలాయన కళ్లు తుడుచుకుని, "ఓరి నాయనో, ఎవుడిదయ్యా ఆ కోటు?" అన్నాడు.

జోగులుకి మొదట ఒళ్లు మండిపోయింది. ఇంత సరుకు లోపల పెట్టుకుని, ఇరవై ఒక్క ఏళ్లు పక్కవాడి మీద ఏడుస్తూ కూర్చున్నవాణ్ణి ఏమనాలి? లోకంలో ఎవరి మీదా కుళ్లుకోనంతగా ఆయన ఆ కోటు మీద కుళ్లుకున్నాడు. కుళ్లుకుంటూనే నడిచాడు. నడుస్తూనే తల ఊపాడు. పందిరి చేరేసరికి చప్పట్లు కొడుతున్నవాళ్లలో అందరికంటే గట్టిగా కొడుతున్నది తనే అని చూసుకుని ఆశ్చర్యపోయాడు.

మధ్యాహ్నం భోజనాలు మొదలయ్యాయి. బ్యాండువాళ్లకి ఎప్పుడూ ఆఖరి బంతే, జోగులు అలవాటుగా పందిరి వెనక వేప నీడలోకి వెళ్లి నిలబడ్డాడు. కండువా వేసుకున్న పెళ్లిపెద్ద ఒకాయన అటే వచ్చాడు.

"ఏటండీ, ఇక్కడ నిలబడిపోనారు? ఎవరి తాలూకండీ తమరు? పెళ్లికూతురి తాలూకా, పెళ్లికొడుకు తాలూకా?"

జోగులు బోసినోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత ఆ చెయ్యి తీసేశాడు.

"కోటు తాలూకండీ," అన్నాడు.

"అయ్యో, ముందే సెప్పరేటండీ!" అని పెళ్లిపెద్ద ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, మొదటి బంతిలో, మొదటి ఆకు ముందు కూర్చోబెట్టాడు.