చక్రాల హోరులో పాట

మూడో పాట మొదలైందో లేదో, లాయరు సైకిలు దిగేశాడు.

దిగినవాడు ఊరుకోలేదు. తువ్వాలు భుజాన వేసుకుని, సాక్షి అడ్డం తిరిగినప్పుడు చూసే చూపొకటి వేదిక మీదికి విసిరి, నీళ్ల సీసా ఎత్తాడు. వేదిక మీద, ఉన్నచోటే చక్రం తిరిగే వ్యాయామ సైకిలు తొక్కుతూ క్లాసు నడిపిస్తున్న బుల్లి అది చూసింది. ఒకరు దిగితే పదిమంది దిగుతారు. అద్దాల తలుపు అవతల జిమ్ము మేనేజరు చేతులు కట్టుకుని అదే చూస్తున్నాడు.

నిన్న అతను తేల్చి చెప్పాడు. "మీ వదినగారికి మోకాలి ఆపరేషన్ అయింది, పాపం. కానీ డాన్స్ వాళ్లు ఈ హాలు కోసం నా ప్రాణం తోడేస్తున్నారమ్మా. రేపొక్క క్లాసు నువ్వు చెప్పు. జనం నిలిస్తే పొద్దుటి క్లాసు ఉంటుంది. లేదంటే సైకిళ్లు గోడౌనుకే."

అది వదిన చెమటోడ్చి నిలబెట్టిన క్లాసు. ఆ వదినే ఇప్పుడు గోడవారన కుర్చీలో, కట్టు కట్టిన కాలు స్టూలు మీద చాపుకుని కూర్చుంది. ఆవిడను ఇక్కడ అందరూ ఇంజను అంటారు. ఆవిడ పాట పెడితే హాల్లో ఇన్ని కాళ్లూ ఒక్క మనిషి కాళ్లయ్యేవి. ఆ దృశ్యం చూడడానికే బుల్లి ఎన్నోసార్లు పనులు మానుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడేది. తన అన్నయ్యకు అంతటి భార్య దొరకడం వాడి పూర్వజన్మ సుకృతమని ఆమె నమ్మకం.

అందుకే ఈ క్లాసుకు తిండి ధ్యాస లేకుండా పాటలు ఏరింది. మంచం మీద బాసింపట్టు వేసుకుని, మంచి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, గుండెల్లో డప్పు మోగించే పాటలే ఎంచింది. "నా ఫోను పట్టుకెళ్లవే, నా పాటలున్నాయి" అని వదిన అంటే, "వద్దు వదినా, నా పాటలతోనే నెగ్గుతాను" అని కోతలు కూడా కోసింది.

మొదటి రెండు పాటలూ మెల్లగా తొక్కిస్తూ గడిచిపోయాయి. ఇప్పుడా డప్పు మాయమైంది.

పాట వినిపిస్తూనే ఉంది. గాయని గొంతుంది, తీగల మోత ఉంది. కాళ్లకు తాళమిచ్చే దెబ్బ మాత్రం లేదు. ముందు వరస ఒక వేగం, వెనక వరస ఇంకో వేగం, ఎవరి గోల వాళ్లది. బుల్లి సౌండు పెంచింది. గాయని కెవ్వుమంది. బ్యాంకులో పనిచేసే మేడమ్ చెవులు మూసుకుంది.

"అమ్మాయ్, నీ పాటలో తాళం ఎవరో ఎత్తుకుపోయారు! కేసు పెట్టమంటావా?" అని అరిచాడు లాయరు. హాలంతా గొల్లుమంది. ఇంకో ఇద్దరు తొక్కడం ఆపేశారు. మేనేజరు చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్లింది.

బుల్లి దిక్కుతోచక వదిన వైపు చూసింది. వదిన మాత్రం ఆమెను చూడడం లేదు. తల ఒక పక్కకు వంచి, తిరుగుతున్న చక్రాలను చూస్తోంది. దేనికోసమో చెవి ఒగ్గినట్టుంది.

ఆ చూపు బుల్లికి తెలుసు. ఇంట్లో కొత్త పాట ఏదైనా వాషింగ్ మిషను దగ్గరే వింటుంది వదిన. మిషను బట్టలు పిండుతూ గిర్రున తిరిగే సమయం చూసి, ఫోను దూరంగా అరుగు మీద పెట్టి, సరిగ్గా ఇలాగే తల వంచుతుంది. "మా ఆవిడ కచేరీ మొదలైందిరోయ్, లోపల నా లాగులు నాట్యం చేస్తున్నాయి" అని అన్నయ్య ఎగతాళి చేసేవాడు. "ఈ మోతలో బతికితేనే అక్కడ బతుకుతుంది" అని వదిన ఒక్క ముక్క అనేది, అంతే. ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లు, బుల్లితో సహా.

ఇప్పుడు ఆ ముక్క చెంప ఛెళ్లుమనిపించినట్టు తగిలింది. చక్రాల హోరు! బరువైన ఇనప చక్రాలు ఇన్ని ఒక్కసారి తిరిగితే పుట్టే హోరు, డప్పు మోత రెండూ ఒకే కింది స్థాయిలో ఉన్నాయి. హోరు డప్పును మింగేసింది. వదిన పాటలన్నిటిలో పైన చప్పట్లో, గంటలాంటి చప్పుడో ఎందుకుండేదో తేటతెల్లమైంది.

కానీ ఏం లాభం? వదిన ఫోను ఇంట్లోనే ఉండిపోయింది. చేతిలో ఉన్నవి ఈ పాటలే. అన్నీ ఒకే తానులో గుడ్డలే.

పాట మారదు. మరి హోరు?

"అందరూ నాబ్ తిప్పండి!" అని అరిచింది బుల్లి. "లోడు పెంచండి! ఇంకా! ఇప్పటిదాకా మైదానం, ఇక్కణ్ణుంచి కొండ. లేచి నిలబడండి! కాలు నెమ్మదిగా, బరువుగా, బురదలో అడుగేసినట్టు!"

చక్రాలు మందగించాయి. హోరు దిగింది. వరద తీసిన ఏట్లో బండ బయటపడ్డట్టు, కింద నుంచి డప్పు పైకి తేలింది. ఒక దెబ్బ విడిచి ఒక దెబ్బకు ఒక అడుగు. ఉరుకుల పాట ఎక్కుడు పాటైంది. ముందు వరస కుదిరింది, వెనక వరస అందుకుంది. ఆగిన ఇద్దరూ మళ్లీ మొదలుపెట్టారు.

"ఏంటమ్మా, తాళం దొరికిందా?"

"దొరికింది సార్! కేసు కొట్టేసి సైకిలెక్కండి!"

లాయరు నవ్వుతూ ఎక్కాడు. మేనేజరు చెయ్యి పిడి మీద నుంచి జారింది.

తర్వాతి పాటలన్నీ కొండలే అయ్యాయి. ఒకటి మలుపుల దారి, ఒకటి నిట్టనిలువు, ఒకటి రాళ్లబాట. నోటికొచ్చిన కొండనల్లా కట్టి వాళ్ల చేత ఎక్కించింది బుల్లి. "ఈ కొండకు అవతలి వైపంటూ లేదా తల్లీ?" అని బ్యాంకు మేడమ్ మూలిగిందే గాని, దిగలేదు. ఎవరూ దిగలేదు.

క్లాసు ముగిశాక మేనేజరు లోపలికి వచ్చి, లాయరును అడిగాడు. "ఎలా ఉంది సార్?"

లాయరుకు ఊపిరి అందడం లేదు. "రేపు... నా సైకిలు... ఎవరికీ ఇవ్వకండి."

మేనేజరు వదిన వైపు తిరిగాడు. "మీరేమంటారు మేడమ్?"

"నేనైతే ఆ మూడో పాట దగ్గర చేతులెత్తేసేదాన్ని" అంది వదిన. "మంచి పాటలు పెట్టి క్లాసు నడపడం నాకొచ్చు. పనికిరాని పాటలతో ఇంతమందిని కొండెక్కించడం నావల్ల కాదు. అది దీనికే చెల్లింది. డాన్స్ వాళ్లకు వేరే హాలు చూడండి."

"సరే" అన్నాడు మేనేజరు. "రేపటి నుంచి పొద్దుటి క్లాసు నీదేనమ్మా."

బుల్లి వచ్చి వదిన చంక కింద చెయ్యి వేసి లేపింది. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే చెమట అనుకునేలా తుడుచుకుంది. "పాటలన్నీ మార్చేస్తాను వదినా."

"మార్చకపోతే రేపు వీళ్లే నిన్ను కొండ మీంచి తోసేస్తారు" అంటూ వదిన కుంటుతూ రెండడుగులు వేసి ఆగింది. "ఏమే, ఆ రెండో పాట బాగుంది. నాకు పంపు."

బుల్లి మొహం వెలిగిపోయింది. "నిజంగానా? క్లాసుకేనా?"

"క్లాసుకా, నీ మొహం! కారులో వినడానికి."