నూట పన్నెండో పేజీ తర్వాత

లారీల్ని తూచే కాటా పళ్ళేనికీ సిమెంటు గట్టుకీ మధ్య వేలెడు సందు ఉంటుంది. లారీల టైర్ల నుంచి రాలిన కంకర ఆ సందులో ఇరుక్కుంటుంది. ఒక్క రాయి ఇరుక్కున్నా పళ్ళెం సరిగా దిగదు, బరువు తప్పు చూపిస్తుంది. అందుకని పొద్దున ఏడింటికి, గది తాళం కూడా తీయకముందే, కాటా బాబాయ్ ఇనప చువ్వ పట్టుకుని ఆ సందు వెంట తిరుగుతూ రాళ్ళు పీకుతున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. ఈ ఏడాది మాత్రం పని చేస్తున్నంతసేపూ పెదవులు కదులుతుంటాయి. అడుగులు లెక్కపెట్టుకుంటాడు. చుట్టూ ఒకసారి తిరిగితే డెబ్బై రెండు. చొక్కా జేబులో ఫోను కూడా లెక్కపెడుతూనే ఉంటుంది గానీ, యంత్రాన్ని గుడ్డిగా నమ్మకూడదన్నది ఆయన వృత్తి నేర్పిన మొదటి పాఠం.

అది ఏడాదికి ఆఖరి రోజు. ఆయన ఉద్యోగానికి కూడా. రేపటి నుంచి కాటా పక్కన రెండు కెమెరాలు ఉంటాయి, బరువు నేరుగా ఆఫీసులో కంప్యూటరుకి వెళ్ళిపోతుంది. గదిలో మనిషి అక్కర్లేదు. ఈ సంగతి ఆరు నెలల ముందే చెప్పారు కనుక బెంగ పడాల్సినదంతా అప్పుడే పడేశాడు. ఇవాళ ఆయన మనసంతా నలభై పేజీల మీద ఉంది.

పన్నెండో పుస్తకంలో మిగిలిన నలభై పేజీలు.

అదొక పందెం. కిందటి ఏడాది ఆఖరి సాయంత్రం మొదలైంది. బావమరిది వచ్చి కూర్చున్నాడు. డాక్టరు, బాబాయ్‌ని నడవమన్నాడనీ, చక్కెర మానమన్నాడనీ మాట వచ్చింది. "నడుస్తాను. చక్కెర మానేస్తాను. అంతే కాదు, నెలకో పుస్తకం చదువుతాను" అన్నాడు బాబాయ్ ఉత్సాహంగా. ఆయన భార్య కుట్టుమిషను మీది నుంచి తల ఎత్తకుండానే నవ్వింది.

"మీ బావగారి సంగతి నీకు తెలీదురా తమ్ముడూ. సగంలో ఆపే విద్యని మాత్రం పూర్తిగా నేర్చుకున్నారు."

అందులో అబద్ధం ఏమీ లేదు. కాలేజీ చదువు రెండో ఏడాదిలో ఆగింది. వేణువు సరిగమల దగ్గర ఆగింది. పెరటి గోడకు రంగు, నిచ్చెన అందినంత మేరకు వచ్చి ఆగింది. గోడ అలా ఇరవై ఏళ్ళుగా రెండు రంగుల్లో ఉంది. కొత్తగా ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు అదేదో ఫ్యాషన్ అనుకుంటారు. అయినా బావమరిది ముందు అనేసరికి ఎక్కడో చురుక్కుమంది. "నువ్వూ రా పందేనికి" అన్నాడు భార్యతో.

బడిపిల్లల యూనిఫాంలు కుట్టే చెయ్యి అది. కొలత తప్పితే ఒప్పుకోదు. బట్ట కత్తిరించే ముందు నమూనా గీసుకునే గోధుమరంగు కాగితం మీద అప్పటికప్పుడు స్కేలు పెట్టి గడులు గీసింది. ఆయనకో వరస, తనకో వరస. పుస్తకాలు, అడుగులు, చక్కెర, నీళ్ళు. కాగితాన్ని బీరువా తలుపు లోపలి వైపు అంటించింది. ఆఖరి రోజు సాయంత్రం ఆరింటికి లెక్క ముగుస్తుంది. ఏ గడి ఖాళీగా మిగిలినా ఓడినట్టే. ఓడినవాళ్ళు వచ్చే ఏడాదంతా పొద్దున్నే లేచి టీ పెట్టాలి. ఆమె పన్నెండో పుస్తకం నవంబరు నడిమికే అయిపోయింది. ఇప్పుడు పదమూడోది చదువుతూ, దాన్ని ఆయనకు కనపడేలా మంచం మీద బోర్లా పెడుతోంది.

టీ పెట్టడం గురించి బాబాయ్‌కి పట్టింపు లేదు. ఈ గది వదిలి వెళ్ళేలోగా జీవితంలో ఒక్కటంటే ఒక్కటి, మొదటి నుంచి చివరిదాకా, వదలకుండా చేశాననిపించుకోవాలి. అదీ ఆయన బాధ.

గది ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. ఒక బల్ల, పేపరు మింగి చీటీ కక్కే ప్రింటరు, కిటికీకి తల పట్టేంత సందు. ఎదురుగా నల్లపెట్టెలో ఎర్ర అంకెలు. లారీ పళ్ళెం మీదికి ఎక్కగానే అంకెలు పిచ్చెత్తినట్టు పరిగెడతాయి. అవి నెమ్మదించి, ఒకటి రెండుసార్లు ముందుకీ వెనక్కీ ఊగి, నిలబడతాయి. నిలబడ్డాకే మీట నొక్కాలి. కొంతమంది ఊగుతుండగానే నొక్కేస్తారు. బాబాయ్ నొక్కడు. సరుకుతో ఒకసారి, సరుకు దించాక ఖాళీగా ఒకసారి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే అసలు బరువు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన చీటీ మీద ఎవరూ తగువు పెట్టుకోలేదు. లారీకీ లారీకీ మధ్య ఏడెనిమిది నిమిషాలు దొరుకుతుంది. పదకొండు పుస్తకాలూ ఆ సందుల్లోనే, పేజీన్నరా రెండు పేజీల చొప్పున దూరాయి.

ఒంటి బరువు కూడా మొదట్లో ఇక్కడే చూసుకునేవాడు. కాటా ఇరవై కిలోలకోసారి గానీ అంకె మార్చదు. ఆయన ఎక్కితే ఎనభై. జనవరిలో ఎనభై, మార్చిలో ఎనభై, చెమటలు కక్కుతూ నడిచినా ఎనభై. అక్టోబరులో ఒక పొద్దున ఎక్కాడు, అరవై! ఒక్క రాత్రిలో ఇరవై కిలోలు. సంగతి ఏమిటో ఆయనకంటే బాగా తెలిసినవాడు ఆ చుట్టుపక్కల లేడు. అయినా ఆ పూటంతా నమ్మాడు. డ్రైవర్లు ఈలలు వేశారు. ఇంట్లో ఆవిడ మందుల షాపుకు తీసుకెళ్ళి చిన్న కాటా ఎక్కించింది. అరవై తొమ్మిదిన్నర. "మిగతా తొమ్మిదిన్నరా ఏ లారీకి వేశారు?" అంది.

ఇవాళ పొద్దుటి లారీల రద్దీలో పదింటికల్లా రెండు పేజీలే అయ్యాయి. ముప్పై ఎనిమిది. సాయంత్రానికి దర్జాగా అయిపోతాయి. పదకొండు కావస్తుండగా ఒక కంకర లారీ వచ్చి పళ్ళెం మీద ఆగింది. కిటికీలో ఒక పొడుగాటి మెడ వంగింది.

"బాబాయ్! ఉన్నావా, పోయావా?"

"ఉన్నాన్రా. ఇవాళ్టికి ఉన్నాను." బాబాయ్ మొహం విప్పారింది. వీడు జిరాఫీ. అసలు పేరు ఇంటివాళ్ళకి తెలుసేమో. మే నెలలో రోజూ వచ్చేవాడు. ఆ నెల బాబాయ్ చదువుతున్నది పడవవాళ్ళ కథ, ఇద్దరు అన్నదమ్ములది, ఇటుకంత నవల. చదివినంత వరకూ జిరాఫీకి చెప్పేవాడు. తర్వాత వాణ్ని దూరపు లైనుకు వేశారు. మళ్ళీ ఇదే రావడం.

"ఏడు నెలలు నిద్ర పట్టలేదు బాబాయ్. పడవ బోల్తా పడ్డదన్నావు, తమ్ముడు నీళ్ళల్లో పడ్డాడన్నావు. నాకు లైను మార్చేశారు. వాడు బతికాడా లేదా?"

"బతికాడు, బతికాడు. పెళ్ళి కూడా అయింది."

"ఓర్నీ! ఒడ్డుకెట్లా వచ్చాడు?"

బాబాయ్ చూపు అంకెల మీదికి పోయింది. అవి ఎప్పుడో నిలబడ్డాయి. "ఎట్లా ఏముంది. ఈదుకుంటూ వచ్చాడు."

జిరాఫీ మెడ ఇంకాస్త లోపలికి వచ్చింది. "వాడికి ఈత రాదని నువ్వే చెప్పావుగా?"

ప్రింటరు గరగరమంటూ చీటీ కక్కింది. బాబాయ్ దాన్ని చింపి ఇచ్చాడు. చెవులు వేడెక్కాయి.

"వాడికి ఈత రాకపోబట్టే కదా అన్న వాణ్ని పడవ ఎక్కనిచ్చేవాడు కాదు. అంతా నువ్వే చెప్పి ఇప్పుడు ఈదాడంటావేంటి? నన్నేం చేద్దామని?"

"సరుకు దించుకురా. ఖాళీ తూకానికి వచ్చినప్పుడు చెప్తాను."

"నాలుగవుతుంది."

"నాలుగింటికే చెప్తాను."

లారీ దిగి వెళ్ళిపోయింది. బాబాయ్ పన్నెండో పుస్తకం తెరిచాడు. అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ తలకెక్కడం లేదు. మే నెల ఆఖరు వారం గుర్తొచ్చింది. ఎండ, మూడు రోజుల జ్వరం, నెల ముగుస్తోంది, ఇటుకలో సగానికి పైగా మిగిలి ఉంది. నూట పన్నెండో పేజీ దగ్గర నుంచి నూట అరవైకి దూకాడు. అక్కడ తమ్ముడు పెళ్ళిబట్టల్లో కనిపించాడు. ఎట్లాగూ బతికాడు కదా అనుకుని ముందుకు సాగిపోయాడు. బీరువా తలుపు మీద గడి నింపేశాడు. ఎవరూ అడగలేదు. తనను తాను కూడా అడగలేదు.

అంకె ఊగుతుండగానే మీట నొక్కేశాడన్నమాట.

కూర్చుని లెక్క వేసుకున్నాడు. సాయంత్రం ఆరు లోపల, లారీలు పోగా, ఏ నలభై యాభై పేజీలో అవుతాయి. ఇటు ముప్పై ఎనిమిది. అటు నలభై ఏడు. రెండూ కావు. ఇవి చదివితే కాగితం మీద పన్నెండు గడులూ నిండుతాయి, బావమరిదికి ఫోను చేసి చెప్పొచ్చు. జిరాఫీకి ఏదో ఒకటి అల్లి చెప్పడమూ పెద్ద కష్టం కాదు. కొట్టుకొచ్చిన దుంగ ఒకటి చాలు.

భోజనం వేళకి గదికి తాళం వేసి లైబ్రరీకి బయల్దేరాడు. పోను పదకొండు వందల అడుగులు, రాను పదకొండు వందలు. అడుగులకి ఇవాళ లోటు రాదు. అన్నం డబ్బా దారిలోనే ఖాళీ చేశాడు.

లైబ్రేరియన్ ఇటుకని చూసి కళ్ళజోడు పైకి తోసింది. "ఇది చదివేశారుగా అన్నయ్యగారూ? బాగుందని నాకు కూడా చెప్పారు."

"మధ్యలో ఒక ముక్క బాగుందో లేదో చూడలేదమ్మా."

ఆమె ముద్ర వేసి ఇచ్చింది.

నూట పన్నెండు. పడవ బోల్తా పడింది. కంకర లారీ వచ్చింది. నూట పదిహేను. ఇనుము లారీ. నూట ఇరవై రెండు దగ్గర ఒక డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాకగానీ బాబాయ్ తల ఎత్తలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో అది మొదటిసారి. నూట ముప్పైకి వచ్చేసరికి ఎడమ కాలు దానంతటదే ఊగుతోంది. చిక్కులో పడిన చిన్నపిల్లాడిలా గోరు కొరుకుతున్నాడు. మే నెలలో తను వదిలేసి వెళ్ళిపోయినది ఇదా! ఈ పుస్తకానికి ప్రాణమంతా ఇక్కడ పెట్టుకుంటే, తను చెయ్యీ కాలూ చూసి వచ్చాడు. నూట యాభై ఎనిమిదిలో ఒకచోట గట్టిగా నవ్వాడు. అవతల చీటీ కోసం నిలబడ్డవాడు ఏమనుకున్నాడో, వాడూ నవ్వాడు.

నాలుగుంబావుకి జిరాఫీ ఖాళీ లారీతో పళ్ళెం మీదికి ఎక్కాడు. దిగుతూనే, "చెప్పు" అన్నాడు.

"ముందు ఒక మాట. మేలో నేను ఆ ముక్క చదవలేదు. పొద్దున నీకు చెప్పింది అబద్ధం."

"నాకు తెలుసులే. తర్వాత?"

"పడవ బోల్తా పడ్డదా? వాడు పడవ కిందకి పోయాడు. కింద, బోర్లా పడ్డ పడవ కడుపులో, ఇంత గాలి మిగిలి ఉంది." బాబాయ్ రెండు చేతులూ కలిపి బోర్లించి చూపించాడు. "అందులో తల పెట్టుకుని, పైనున్న చెక్కని పట్టుకుని వేలాడాడు. పైన అన్న ఎక్కి కూర్చుని ఏడుస్తున్నాడు. తమ్ముడు పోయాడని. మధ్యలో ఒక్క చెక్క అడ్డం!"

"ఓర్నాయనో!"

"తమ్ముడు కింది నుంచి తట్టాడు. అన్న చేప అనుకున్నాడు."

వెనక లారీ హారన్ కొట్టింది. జిరాఫీ చెయ్యెత్తి, "ఆగరా! ఇక్కడ మనిషి చచ్చిపోతుంటే" అని అరిచాడు. ఆ డ్రైవరు కంగారుగా దిగి పరిగెత్తుకొచ్చాడు. ఎవరూ చావడం లేదని తెలిశాక తిడదామనుకున్నాడు గానీ, అప్పటికి చెక్క మీద మూడోసారి తట్టడం దాకా వచ్చింది కథ. వాడూ కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. ఇంకొకడు చేరాడు. చిన్నప్పుడు తమ్ముడు దుప్పటి లోపలి నుంచి అన్న వీపు మీద ఎట్లా తట్టేవాడో, రెండూ, ఒకటీ, రెండూ, అట్లాగే తట్టాడనీ, అన్న ఏడుపు ఆపి చెవి చెక్కకు ఆనించాడనీ చెప్తూ బాబాయ్ బల్ల మీద తట్టి చూపించాడు. ముగ్గురూ ఊపిరి బిగపట్టారు.

"అన్న ఏం చేశాడు?"

"తిరిగి తట్టాడు" అన్నాడు బాబాయ్.

అంతా అయ్యేసరికి నాలుగు ముప్పావు. వెనక అయిదు లారీలు. జిరాఫీ కళ్ళు తుడుచుకుంటూ, "ఇట్లాంటి ముక్కని వదిలేశావా? నీకేం రోగం బాబాయ్?" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువగా బాబాయే నవ్వాడు.

అయిదున్నరకి వరస తేలింది. ఇంటికి ఫోను చేశాడు.

"పదకొండు" అన్నాడు.

"అదేంటి? నలభై పేజీలే అన్నారుగా పొద్దున?"

చెప్పాడు. అవతల మిషను చప్పుడు ఆగింది.

"పన్నెండని రాసేస్తే ఎవరు చూడొచ్చారండీ?"

"నేను చూశాగా."

మిషను రెండు కుట్లు వేసి మళ్ళీ ఆగింది. తర్వాత ఆమె అంది, "పదకొండూ నిండుగా పదకొండేనా?"

"అంచు నుంచి అంచుకి. కావలిస్తే అడుగు."

"ఇంటికొచ్చాక అడుగుతాను. ఆ చెక్క కింద ఏం జరిగిందో నాకూ చెప్పాలి మరి." ఆమె గొంతులో నవ్వు దాగడం లేదు. "రేపు ఆరింటికల్లా టీ."

"చక్కెర లేకుండా."

"మీది మీ ఇష్టం. నాకు రెండు చెంచాలు. గెలిచినదాన్ని."

ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి తాళంచెవి తీసుకుని, చెయ్యి కలిపి, కెమెరాల వాళ్ళ కోసం తలుపు తెరిచే ఉంచమని చెప్పి వెళ్ళాడు. బాబాయ్ సంచీ భుజాన వేసుకున్నాడు. ఎర్ర అంకెలు సున్నా దగ్గర కదలకుండా ఉన్నాయా అని ఒకసారి చూసి, గడప దిగాడు. పందెం ఎట్లాగూ పోయింది, తొందర లేదు. అయినా కళ్ళజోడు ముక్కు మీదే ఉంది, పన్నెండో పుస్తకం చేతిలోనే తెరిచి ఉంది. గేటు దాటుతూ పేజీ తిప్పాడు. వీధిదీపం కింద ఆగి రెండు వరసలు చదివాడు, నవ్వుకున్నాడు, మళ్ళీ నడిచాడు, మలుపు తిరిగాడు.

బల్ల మీద, ప్రింటరు పక్కన, ఆయన కళ్ళజోడు పెట్టె ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. మూత లోపలి నల్ల మఖమలు మీద, ముప్పై ఒక్క ఏళ్ళ కంకర ధూళి సన్నగా మెరుస్తోంది.