ఐడెల్లా వంతు

మా ఎనిమిది కుటుంబాల సంఘానికి ట్రాక్టరు ఒక్కటే. చిలగడదుంపలు తవ్వే రోజుల్లో ఎవరింట్లో చేతులు తక్కువో వాళ్ళ చేనే ముందు. మా నాన్న ఓథా పెట్టిన కట్టుబాటు అది. మిసిసిపీలో నల్లవాళ్ళకు ట్రాక్టరు అద్దెకిచ్చే దిక్కు లేని రోజుల్లో ఆయనా మరో ఏడుగురూ కలిసి దాన్ని కొన్నారు. ఆ ఎనిమిది మందీ ఇప్పుడు చర్చి వెనక మట్టిలో ఉన్నారు.

ఈ ఏడు సంఘం పెద్దను నేను. బుధవారం వానన్నారు. తడిస్తే దుంప నేలలోనే కుళ్ళుతుంది. వరస ప్రకారం సోమవారం మా ఎదురింటి మిస్ ఐడెల్లాది. ఎనభై ఒక్క ఏళ్ళ ఒంటరి మనిషి. ఈ పంట పోతే ఆమెకు చేను కూడా దక్కదు. అది తెలిసీ, ఆదివారం చర్చి నుంచి వస్తూ, ట్రాక్టరు షెడ్డు తలుపు మీది వరస కాగితంలో ఆమె పేరు కొట్టేసి నా పేరు రాశాను. ఆమెను గురువారానికి తోశాను. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమని సర్దిచెప్పుకున్నాను. సిగ్గులేనిదాన్ని!

సోమవారం పొద్దున మంచు దట్టంగా పట్టింది. సంఘం ట్రాక్టరు నడిపే రూఫస్ దాన్ని నా చేలోకి తోలాడు.

"ఏం వర్నెలక్కా, ఇంట్లో ముగ్గురు మొనగాళ్ళున్నారుగా. ముసలమ్మ కంటే నీకేం తొందరొచ్చింది?"

"నోర్మూసుకుని తోలు."

మట్టి తిరగబడింది. దుంప లేదు. రెండో సాలులోనూ లేదు. మూడో సాలులోనూ లేదు. ఇంకా దున్నని సాళ్ళలో తీగ చెక్కుచెదరలేదు గానీ, కింద ఎవరో వేళ్ళతో తోడినట్టు మెత్తటి గుంటలున్నాయి. చేనంతా వెతికినా ఒక్క అడుగు గుర్తు కనపడలేదు.

రూఫస్ దిగి గుంటలో చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"వెచ్చగా ఉందక్కా," అన్నాడు. మరి జోకులు వెయ్యలేదు.

నేను దారి దాటి పరుగెత్తాను. ఐడెల్లా చేను మొత్తం తవ్వేసి ఉంది. ఆమె అరుగు మీద పెట్టెలు చూరు దాకా పేర్చి ఉన్నాయి. సగం పెట్టెల్లో తెల్లతొక్క దుంపలు. ఆ రకం ఊరు మొత్తం మీద నేనొక్కదాన్నే వేస్తాను. ఆమె ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని కూర్చుంది.

"తెల్లారుతుండగా వచ్చారమ్మా, ఎనిమిది మంది. మంచులో మొహాలు కనపడలేదు. పలకరిస్తే పలకలేదు. రొట్టెలు కాల్చి పెడితే ఒక్కరూ ముట్టలేదు. ఒకాయన మాత్రం అచ్చం మీ నాన్నలా ఎడమ భుజం వంచి నడిచాడు."

మెట్టు మీద కూలబడ్డాను.

"వరస మార్చింది నేనే, మిస్ ఐడెల్లా. నన్ను క్షమించండి."

"తెలుసు తల్లీ, కాగితం చూశాను. నిన్న సాయంత్రమంతా ఇక్కడే కూర్చుని గొంతెత్తి ఏడ్చాను. బతికున్నవాళ్ళెవరికీ వినపడలేదు."

నాకు వినపడింది. నిన్న అప్పుడే లేచి మా వంటింటి కిటికీ మూసుకున్నాను.