చెవుల గది సుసన్న

పసివాడిని మళ్లీ భుజం మీదికి జరుపుకుని సుసన్న ఊగసాగింది. ఫ్యాను ఆపేశారు, కిటికీ మూసేశారు. ఇబ్రహీంపట్నం దవాఖానలో చెవుల పరీక్షకు వచ్చిన పసిబిడ్డలను నిద్రపుచ్చడం ఆయాగా ఆమె పని. బిడ్డ పడుకుంటేనే పరీక్ష సాగుతుంది. దీనికీ జీతమా అని తోటి ఆయాలు నవ్వేవారు. నవ్వితే నవ్వనీ! పాట లేకుండా బిడ్డను పడుకోబెట్టడమంటే మాటలా? పాడితే పరీక్ష చేసే మిషన్‌కు అడ్డం. నాట్లకు వంగి వంగి గూనిపడ్డ ముసలి వీపు ఆమెది, కాయలు కాసిన అరచేతులు. అవి బిడ్డ వీపు మీద పడితే మాత్రం దూది.

యాచారం నుంచి వచ్చిన తల్లి త్రివేణి గోడకానుకుని చూస్తోంది. పుట్టినప్పుడు చేసిన పరీక్షలో కొడుకు చెవులు శబ్దానికి పలకలేదు. మళ్లీ చేయాలి. తెల్లారితే భర్తతో పుణెకు కూలిపనికి ప్రయాణం. ఇవాళ కాకపోతే ఇక కాదు. వాడేమో ఏడుపు ఆపడు.

బస్సు పోతుందని అత్త నర్సింహమ్మ గొణుగుతోంది. మంచం పట్టె మీద పళ్లెం కొట్టి చూసిందట, పిల్లాడు ఉలిక్కిపడ్డాడట, ఇంకేం పరీక్ష!

“మంచం అదిరితే ఎవరైన ఉలిక్కిపడ్తరక్కా,” అంది సుసన్న. “మా తమ్మునికి మేం గూడ గట్లనే కొట్టి చూసినం.”

తమ్ముడు ముత్యాలుకు వినపడదని నాలుగేళ్లు నిండాక గాని తెలియలేదు. పిలిస్తే పలకడని అప్పటిదాకా బాపు కొట్టేవాడు. వాడు ఒక్కసారైనా తనను అక్కా అనలేదన్న దుఃఖం ఆమెకు ఇప్పటికీ తీరలేదు.

పరదా దాటి వచ్చిన ఎండ గోడ మీద నీళ్లలా కదులుతోంది. ఊగి ఊగి ఆమెకూ మగత కమ్మింది. జొన్నచేను గట్టు, చంకలో ముత్యాలు, మెడ మీద వాడి వెచ్చటి ఊపిరి. భుజం మీద ఉన్నది వాడో, ఈ బిడ్డో తెలియలేదు. ఏడుపు ఎప్పుడు ఆగిందో కూడా తెలియలేదు.

పరీక్ష చేసే నర్మద వచ్చి బిడ్డను మెల్లగా అందుకుంది. సుసన్న గోడకు తల ఆన్చింది.

రెండు చెవులూ పలకలేదు. త్రివేణి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇంకో పెద్ద పరీక్ష ఉంది, తొందరగా తెలిసింది కనుక చెవికి మిషన్ పెట్టించి మాటలు నేర్పించుకోవచ్చని నర్మద గుసగుసగా చెప్పింది. నర్సింహమ్మ మనవడిని నర్మద చేతుల్లోంచి అందుకుంది.

“నేను రేపు పోను, అత్తమ్మా,” అంది త్రివేణి.

“నా కొడుక్కు నేను చెప్త తియ్,” అంది నర్సింహమ్మ.

సుసన్న పడుకుందనుకున్నారు. ఆ గదిలో నిద్రను చెడగొట్టకూడదు కదా, అందరూ అడుగులు మెత్తగా వేశారు. త్రివేణి బయటికి వెళ్లి ఆమె కోసం చాయ్ తెచ్చింది. లేపడానికి మనసొప్పక, పక్కన నేల మీద పెట్టి బస్సుకు వెళ్లిపోయింది.

ఆ పూట ఇంకెవరూ రాలేదు. పొద్దుగూకేవేళ నర్మద వచ్చి భుజం తట్టింది. ఆమె చెయ్యి చల్లగా తగిలింది. సుసన్న ఊపిరి ఎప్పుడో ఆగిపోయింది.

చాయ్ మీద మీగడ కట్టింది, ఎవరూ ముట్టలేదు.