ఉత్తరపు గోడకు వెల్ల

ఎటెల్కా ఇంటి ఉత్తరపు గోడకు బూజు పట్టించింది మీరు. బ్యాంకులో అద్దాల వెనక కూర్చుని, గడ్డకట్టే జనవరిలో కూడా పొట్టి చేతుల చొక్కాలు వేసుకోగల మీరు. స్విస్ ఫ్రాంకు కొండలాంటిది, కదలదు అని నమ్మించి, సొంత దేశపు డబ్బు ఫోరింట్లలో జీతం తెచ్చుకునే మనిషి చేత ఫ్రాంకుల్లో అప్పు చేయించింది మీరు. ఫ్రాంకు లేచింది. కిస్తీ రెండింతలైంది. జీతం మాత్రం ఉన్నచోటే చతికిలబడింది. ఆఖరికి, గోడ నల్లగా ఉందని ఇంటి ధర కోసిందీ మీరే.

ఎటెల్కా కార్ల సీట్లకు తొడుగులు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఉక్కు కర్మాగారం మూతపడ్డాక ఆమె భర్త దెజో ఇటుకలు మోశాడు, బావులు తవ్వాడు, చివరికి మోకాలు పాడుచేసుకుని ఇంట్లో కూలబడ్డాడు. ఊరి చివర మూడు గదులు, ఒక వంటిల్లు, పెరట్లో అక్రోటు చెట్టు. ఆ ఇల్లు కొనుక్కోవడానికే అప్పు చేశారు. విలాసానికి కాదు.

కిస్తీ పెరిగాక మాంసం ముందు ఆదివారానికి జరిగింది, తర్వాత పండగలకు జరిగింది. మిగతా రోజులన్నీ చిక్కుడు గింజల చారు, రొట్టె మీద పంది కొవ్వు, పైన నాలుగు ఉల్లి ముక్కలు. గ్యాస్ హీటర్లు ఆపేశారు. చలి మొదలవగానే ఆ వీధిలో అందరూ చేసే పనే వీళ్లూ చేశారు. మంచాలు వంటింట్లోకి లాక్కొచ్చారు. మిగతా గదులకు తలుపులేసి, తలుపుల కింద పాత కంబళ్లు కుక్కారు. కట్టెల పొయ్యి ఉన్న ఆ ఒక్క గదిలోనే తినడం, పడుకోవడం, తిట్టుకోవడం. గ్యాస్ మీద మిగిల్చిందంతా బ్యాంకుకే పోసింది ఎటెల్కా. అయినా బాకీలు పడ్డాయి.

ఆ దేశపు చట్టానికి ఒక జాలి ఉంది. చలికాలంలో ఎవర్నీ ఇంట్లోంచి గెంటరు. ఏప్రిల్ అయిపోగానే ఆ జాలీ అయిపోతుంది. అందుకే మంచు కరుగుతుంటే ఆ వీధిలో ఏ మొహమూ వెలగదు.

మార్చిలో ఒక సాయంత్రం హయ్నల్కా వచ్చింది. అదే వీధి మనిషి, ఎటెల్కా కన్నా పదేళ్లు పెద్ద. బ్యాంకు తరఫున ఇంటింటికీ తిరిగి ఈ అప్పులన్నీ ఇప్పించింది ఆమే. ప్రతి వంటింట్లోనూ బల్ల దగ్గర కూర్చుని, గసగసాల రొట్టె తిని, సంతకాలు పెట్టించుకుని వెళ్లేది. బ్యాంకు మాట తనూ నమ్మి, తన ఇంటి మీద కూడా అదే అప్పు తెచ్చుకుంది. ఇప్పుడు బ్యాంకు ఆమెను కబుర్లు మోయడానికి మాత్రమే వాడుకుంటోంది.

"పండగ వెళ్లాక విలువ కట్టే మనిషి వస్తాడు," అంది. "నీ ఇంటి విలువ అప్పుకు సరితూగితే తాళాలు తీసుకుని అప్పు కొట్టేస్తారట. చేతులు దులుపుకుని వెళ్లిపోవచ్చు."

"తూగకపోతే?"

"ఇల్లు వేలానికి పోతుంది. మిగిలిన బాకీ నీ జీతంలోంచి లాక్కుంటారు."

"ఎన్నాళ్లు?"

"నువ్వు మిషన్ తొక్కినన్నాళ్లు."

పొయ్యి పక్కన మోకాలికి కాపడం పెట్టుకుంటున్న దెజో తలెత్తాడు. "అయితే బ్యాంకోళ్లు రేపే చర్చికెళ్లి మా ఆవిడ ఆరోగ్యానికి కొవ్వొత్తి వెలిగించాలి. నాకన్నా వాళ్లకే ఎక్కువ అవసరం."

ఎవరూ నవ్వలేదు. ఎటెల్కా ఇంటి మీద ఆశ ఎప్పుడో వదిలేసుకుంది. అప్పు మెడ దిగితే చాలు, సొంత అక్క ఇంటి మేడ మీద గది ఖాళీగా ఉంది. ఆమె లేచి, కంబళి లాగి, ఉత్తరపు గది తలుపు తోసింది. మొహాన తడి నేల వాసన కొట్టింది. గోడ కిందనుంచి నడుం దాకా నల్లటి మచ్చలు, కాలిన రొట్టెలా.

"ఇది చూస్తే ఏం కడతాడు విలువ?"

హయ్నల్కా గోడను అటూ ఇటూ చూసింది. "ఈస్టర్ వస్తోందిగా. వెల్ల వేసెయ్. పండక్కి వెల్ల వేయని ఇల్లు ఈ వీధిలో ఉందా? ఎవడూ అనుమానించడు."

"నీ మాట విని ఒకసారి సంతకం పెట్టాను అక్కా."

"అది సంతకం. ఇది సున్నం. సున్నం ఎవర్ని ముంచింది పిల్లా?"

ఎటెల్కా తల్లి వేసింది, అమ్మమ్మ వేసింది. ఈస్టర్‌కు ముందు గోడ తెల్లబడకపోతే ఆ ఇంటి ఆడదానికి మొహం చెల్లదు. అలా పెరిగిన మనిషికి అందులో మోసం ఏం కనిపిస్తుంది? గుడ్ ఫ్రైడే నాడు ఫ్యాక్టరీకి సెలవు పెట్టింది. తెల్లారగానే మచ్చలు గీకింది, సున్నం కలిపింది, ఒక పూత వేసింది, మధ్యాహ్నం ఇంకొకటి. ఆఖరి పూతలో అమ్మ వేసినట్టే చిటికెడు నీలిమందు కలిపింది. సాయంత్రానికి గది మంచు పడ్డ పొలంలా తెల్లగా ఉంది. దెజో కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఇంత బాగుంటే నేనే కొనుక్కుంటాను," అన్నాడు. "అప్పు ఎవరిస్తారో కనుక్కో."

ఈసారి ఎటెల్కా నవ్వింది. ఈస్టర్ సోమవారం అతను ఆనవాయితీగా ఆమె తల మీద చెంబెడు నీళ్లు చల్లాడు, ఆమె అతని చేతిలో ఎర్ర రంగు వేసిన గుడ్డు పెట్టింది.

విలువ కట్టేవాడు గురువారం వచ్చాడు. రాజధాని బుడాపెస్ట్ కుర్రాడు, మెత్తని బూట్లు. వంటిల్లు చూశాడు, పైకప్పు చూశాడు, అన్నిటికీ తలాడించాడు. ఉత్తరపు గదిలో గోడ మీద అరచెయ్యి ఆనించాడు. చెయ్యి తీసేసరికి అరచెయ్యంతా తెల్లగా, తడిగా ఉంది. చలికాలమంతా చెమ్మ తాగిన గోడ సున్నాన్ని పట్టుకోలేదు. అతని చెయ్యి ఆనిన మేర నలుపు మళ్లీ బయటికి చూస్తోంది.

"ఎప్పుడు వేశారమ్మా ఇది?"

"పండక్కి. అందరం వేస్తాం బాబూ."

"నేను రాబోతున్నానని తెలిశాకే కదా?" తాళంచెవితో ఇంకోచోట గీకాడు. పెచ్చు ఊడింది. "బూజు ఉందని ముందే చెబితే కొంత తగ్గించి రాసేవాణ్ణి. దాచారు. ఇప్పుడు పునాది దాకా అనుమానించాల్సిందే."

"పునాదిలో ఏమీ లేదు."

"అసలు ఈ గదికి వేడి ఎందుకు పెట్టలేదు? ఇల్లు పాడైపోతుందని తెలియదా?"

"తెలుసు," అంది ఎటెల్కా. "వేడి పెడితే మీకు కిస్తీ ఎలా కట్టను? ఈ గది వేడంతా మీ బ్యాంకులోనే ఉంది బాబూ. వెళ్లి చూసుకో."

అతను చెయ్యి తుడుచుకున్నాడు. "అది నా పని కాదమ్మా," అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే ఆమెను ఎక్కువ మండించింది.

వారంలో తేలిపోయింది. ఇంటి విలువ అప్పులో సగానికి కూడా రాలేదు. మే మొదటి సోమవారం పొద్దున ఇల్లు ఖాళీ చేయాలి. మిగిలిన సగం ఆమె జీతంలోంచి నెలనెలా పోతుంది. లేని ఇంటికి కిస్తీ. దెజో ఆ రోజు ఒక్క జోకూ వెయ్యలేదు.

ఎటెల్కా నేరుగా హయ్నల్కా ఇంటికి నడిచింది. తలుపు తీసే ఉంది. మంచాలు వంటింట్లోనే ఉన్నాయి. వెనక గదిలో హయ్నల్కా ముక్కుకు గుడ్డ కట్టుకుని బూజు గోడకు వెల్ల వేస్తోంది. వచ్చే వారం ఆమె ఇంటికీ అదే కుర్రాడు వస్తున్నాడు.

ఎటెల్కా ఆమె చేతిలోంచి కుంచె లాక్కుంది.

"అబద్ధం చెప్పలేదు పిల్లా," అంది హయ్నల్కా. గుడ్డ మీద కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. "ఫ్రాంకు గురించీ నమ్మే చెప్పాను, సున్నం గురించీ నమ్మే చెప్పాను."

"తెలుసు. అబద్ధాలకోరువైతే ఈ బూజు గోడ ముందు ఎందుకుంటావు? వాళ్లలాగే అద్దాల వెనక కూర్చునేదానివి."

"కొట్టడానికొచ్చావా?"

"కొడితే నా బాకీ తగ్గుతుందా?" ఎటెల్కా కుంచెను బకెట్లో పడేసింది. "ఆ గుడ్డ విప్పు. చెయ్యి కడుక్కో. ఈ వీధిలో ఎవరెవరి ఇంట్లో బూజు ఉందో నీకన్నా ఎవరికి తెలుసు? అందరూ సిగ్గుతో తలుపులేసుకుని, ఎవరి గోడకు వాళ్లు సున్నం పూసుకుంటున్నారు. ఏ బల్ల దగ్గర కూర్చుని రొట్టె తిని సంతకం పెట్టించావో, ఆ ప్రతి బల్ల దగ్గరకూ ఇప్పుడే వెళ్లు."

"వెళ్లి ఏమనమంటావు? మొహాన తలుపేస్తారు."

"వేస్తే కిటికీలోంచి చెప్పు. గోడలు గీకి నలుపు అందరికీ చూపించమను, కిటికీలు బార్లా తీయమను. ఇల్లు తీసుకున్నవాడు అప్పు కూడా తీసుకుపోవాలి, జీతం జోలికి రాకూడదు. అది కాగితం మీద రాసిచ్చేదాకా సోమవారం పొద్దున నా గేటు ముందు వీధి వీధంతా నిలబడాలి. నీ వంతు వచ్చిన రోజు నీ గేటు ముందు. ఆ పైన ఎవరి వంతైతే వాళ్ల గేటు ముందు. కదులు అక్కా. చీకటి పడకముందే మొదలుపెట్టు."